నడుము లోతున ఒక కడియం

నా భార్య కిందటి చలికాలంలో చనిపోయింది. చివరి వారం మాట తగ్గిపోయినా తెలివి తప్పలేదు. ఆ వారంలో నన్ను రెండుసార్లు ఒకే విషయం అడిగింది.

"నా మాట ఇంటున్నరా? పాపను నా పక్కకు తెండి."

మొదటిసారి ఆమె దుప్పటి సర్దాను. రెండోసారి తెస్తానన్నాను. ఎలా తెస్తానని ఆమె అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

మా వాళ్లలో చనిపోయినవారిని పూడ్చడమే ఆచారం. బాన్సువాడ దాటాక మాకు కొద్దిగా మెట్ట చెలక ఉంది. ఆమెను అక్కడే పెట్టాము.

పాప మా ఒక్కతే బిడ్డ. ఎనిమిది నెలలు బతికింది. ముప్ఫై నాలుగేళ్ల కిందట, నస్రుల్లాబాద్ దగ్గర మా అత్తగారి ఊళ్లో జ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. నేను అప్పుడు పరీక్షల డ్యూటీ మీద వేరే మండలంలో ఉన్నాను. కబురు అంది, బస్సులు మారి వెళ్లేసరికి మా మామ స్నానం చేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పసిపిల్లలను ఎక్కువసేపు ఉంచరు, తన పొలంలోనే పూడ్చి వచ్చాడు. ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు కాబట్టి నా భార్య ఆ చోటు చూడలేదు. నాకు ఏ అడ్డూ లేదు. తరువాత ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్లాను. చూపించమని మాత్రం ఎవరినీ అడగలేదు. చూడలేనేమో అనుకునేవాణ్ని. ముప్ఫై నాలుగేళ్లకు అది సరిపోయే కారణం కాదు.

పూడ్చే ముందు ఒంటి మీది వెండి తీస్తారు. పాప రెండు చేతులకూ కడియాలు ఉండేవి. కుడిచేతిది వచ్చింది. ఎడమచేతికి దవాఖానలో సెలైన్ ఎక్కించారు, చెయ్యి వాచిపోయి కడియం రాలేదు. కత్తిరించి తీయమని మా అత్త అన్నదట. నా భార్య ఆ చెయ్యి పట్టుకుని వదలలేదట. చివరికి ఆ కడియంతోనే తీసుకుపోయారు.

ఎముకలు మిగిలి ఉంటాయని నేను అనుకోలేదు. అంత చిన్న ఎముకలు, ఏటా రెండు పంటల నీళ్లు నిలిచే మట్టి. మిగిలితే ఆ వెండి కడియం మిగలాలి. అది దొరికితే, దొరికిన చోటి నుంచి దోసెడు మట్టి తెచ్చి ఆమె పక్కన పెట్టవచ్చు. ఆమె అడిగినదానికి నేను చేయగలిగింది అంతే.

చోటు తెలిసినవాడు ఒక్కడే బతికి ఉన్నాడు, నా బామ్మర్ది. అప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. గడ్డపార మోసుకుని వాళ్ల నాన్నతో వెళ్లాడు. ఎండాకాలం మొదట్లో వాణ్ని వెంటబెట్టుకుని ఆ పొలానికి వెళ్లాను. దాన్ని మా మామ ఎప్పుడో, కోస్తా నుంచి కాలువ కింద సాగుకు వచ్చిన ఒక కుటుంబానికి అమ్మేశాడు. యాసంగి వరి కోత అయిపోయింది. కొయ్యకాళ్లు కాల్చిన నల్లటి మడి ఒక్కటే, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది.

బామ్మర్ది చాలాసేపు అటూ ఇటూ చూశాడు.

"తుమ్మచెట్టు కాడికెల్లి ఏడెనిమిది అడుగులు బావ. ఒడ్డు మూలకు. నడుము లోతు తవ్వినం. నక్కలు తీస్తయని నాయిన గంత లోతు తవ్విపిచ్చిండు."

"తుమ్మచెట్టు ఏది?"

"గదే చూస్తున్న."

"మరి ఒడ్డు, ఆ గట్టు ఏది?"

పొలం యజమాని, అరవై దాటిన మనిషి, మోటారు షెడ్డు దగ్గర నుంచి మా దగ్గరికి వచ్చాడు. సంగతి చెప్పాను. ఆయన చేత్తో పొలమంతా చూపించాడు.

"మా నాన్నగారు రాగానే గట్లన్నీ కొట్టించేశారండి మాస్టారూ. నాలుగు మళ్లు ఒకటి చేయించారు. మిట్ట చెక్కి పల్లంలో పోయించారు. అప్పుడు చెబితే ఆ కాస్త చోటూ వదిలేసేవాళ్లం కదండీ."

ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాణ్ని నేనే.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పాడు. పొలం ప్లాట్లు చేసేవాళ్లకు ఇచ్చేశాడు. నెల తిరిగేసరికి చదును పోయడానికి మొరం మట్టి టిప్పర్లు వస్తాయి. "మూడడుగులు లేపుతారంటండి. అప్పటిదాకా మీ ఇష్టం, ఎక్కడైనా తవ్వుకోండి. నన్ను అడగక్కర్లేదు."

అలా నాకు ఒక నెల దొరికింది. మెటల్ డిటెక్టర్ సంగతి ఆ రోజు తిరిగి వస్తుంటే తట్టింది. నేను ముప్ఫై ఏళ్లు బడిలో సైన్సు చెప్పాను. ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసు. ఎంత లోతు చూస్తుందో తెలియదు. కొత్తవి తెప్పించుకునే వ్యవధి లేదు, అడగడానికి తెలిసినవాళ్లూ లేరు. చుట్టుపక్కల ఉన్న పాతవే వెతికాను.

మొదటిది మా వీధి చివరి ఫంక్షన్ హాలులో దొరికింది. గేటు దగ్గర మనుషుల ఒంటి మీద తిప్పే కర్ర. రెండోది బోధన్‌లో పాత ఇనుప సామాను కొనే వ్యాపారి దగ్గర ఉంది. పొడుగు కర్ర, కింద పళ్లెం, పైన ముల్లు తిరిగే మీటరు. చేతిపిడికి గుడ్డ చుట్టి ఉంది.

ఇంటి వెనక పెరట్లో పరీక్ష మొదలుపెట్టాను. ఇంట్లో ఉన్న కుడిచేతి కడియాన్ని మట్టిలో పెట్టి పైన యంత్రం తిప్పడం, లోతు పెంచడం, మళ్లీ తిప్పడం. బామ్మర్ది పార పట్టాడు. గేటు కర్ర నాలుగు వేళ్ల లోతు దాకా మోగింది. ఆ తరువాత లేదు.

"గిది పెండ్లిల చెంచాలు దొంగతనం చేసెటోళ్లను పట్టెటందుకే మంచిగుంటది," అన్నాడు బామ్మర్ది.

పళ్లెం యంత్రం నయం. జానెడు లోతులో స్పష్టంగా మోగింది. జానెడున్నర దగ్గర ముల్లు కొద్దిగా కదిలింది, కదిలిందో లేదో ఇద్దరం చెరొక మాట అన్నాము. మూర లోతుకు కడియం ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. పక్కన ఒక మేకు వేసి చూస్తే మేకుకే మోగింది. వరి పొలంలో మేకులకు, నట్లకు కొదవ ఉండదు. దున్నేటప్పుడు ట్రాక్టర్ ఇనుప చక్రాల నుంచి ఏదో ఒకటి ఏటా రాలుతూనే ఉంటుంది.

నడుము లోతుకు ఇంకా చాలా దూరం ఉంది. మిట్ట చెక్కినప్పుడు ఆ చోటు మిట్టలోదైతే పైకి వచ్చి ఉండాలి. పల్లంలోదైతే ఇంకా కిందికి పోయి ఉండాలి. ఏదో మాకు తెలియదు.

మూడో యంత్రం గురించి ఆ ఇనుప వ్యాపారే చెప్పాడు. మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి దగ్గర ఒకాయన వద్ద ఉందని, అన్నిటికన్నా పాతదని, కానీ చాలా లోతు చూస్తుందని. మేమిద్దరం వెళ్లాము. రేకుల షెడ్డులో గోనెసంచి కప్పి ఉంది. మనిషి పొడుగు కర్ర, ముందొక డబ్బా, వెనకొక డబ్బా. మధ్యలో పట్టుకుని నడవాలి. ఆయన తెలుగులో మరాఠీ కలుస్తుంది.

"దీంతోని ఏం చేస్తవే?" అని బామ్మర్ది అడిగాడు.

"బోరుబాయిల పడ్డ పైపులు, మోటర్లు. గసోంటివి."

"లంకెబిందెలు?"

"ఛీ ఛీ, నాహీ."

"దొరికితే గీ రేకుల షెడ్డుల ఎందుకుంటవులే."

"దొరికితే నీకు చెప్పి ఉంటనా భావూ?" అని ఆయన నవ్వాడు. నేను చేతిలోని కడియం చూపించి, ఎందుకో చెప్పాక నవ్వు ఆపేశాడు. కడియం అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "సార్, అబద్ధమెందుకు. ఇది చిన్నది చూడది. హండా, బిందె, పెట్టె, అంత ఉండాలె. ఎంత లోతుకున్నా చూస్తది. గీ పొల్ల కడియం దీనికి కండ్లకే ఆనది."

నిజానికి ఆయన చెప్పిందే సరైనది. పుస్తకాల్లో చూసినా అలాగే ఉంటుంది. పెద్ద డబ్బాల యంత్రం పెద్ద వస్తువును లోతుగా చూస్తుంది. చిన్నదాన్ని చూసే యంత్రం లోతుకు పోదు. నాకు కావలసింది చిన్నదీ, లోతుగా ఉన్నదీ. అయినా ఒకసారి మా పెరట్లో చూద్దామన్నాను. ఆయన కాదనలేక యంత్రంతో సహా మాతో వచ్చాడు.

ఆ పరీక్ష మాత్రం అచ్చం ఆనాటిలా ఉండాలనుకున్నాను. బామ్మర్దిని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగాను. ఎంత వెడల్పు, ఎంత లోతు, ఏం వేశారు.

"ఉప్పు పోసినం బావ. అందరికీ పోస్తరు గద. సంచిల తెచ్చినం దొడ్డుప్పు. సగం కిందికెల్లి, సగం మీదికెల్లి. మన్ను పూడ్చి, రెండు బిందెల నీళ్లు పోసి తొక్కినం."

మేము కూడా నడుము లోతు తవ్వాము. దొడ్డుప్పు తెచ్చి సగం కింద పోశాము. కడియం పెట్టాను. మిగతా సగం పైన పోశాము. మన్ను పూడ్చి, రెండు బిందెల నీళ్లు పోసి, బామ్మర్ది తొక్కాడు. తొక్కుతున్నప్పుడు వాడు నా వైపు చూడలేదు. రెండు రోజులు అలా వదిలేశాము.

మూడో రోజు ఉదయం డోంగ్లి ఆయన యంత్రం పట్టుకుని గోడ దగ్గర నుంచి నడిచాడు. గుంట దగ్గరికి రాగానే అది కూసింది. దాటగానే ఆగింది. ఆయన వెనక్కి తిరిగి, నాలుగు దిక్కుల నుంచీ నడిచాడు. నాలుగుసార్లూ అక్కడే కూసింది.

"అరే దేవా," అన్నాడు. "ఎన్నేండ్ల సంది తిప్పుతున్న. గింత చిన్నది చూసుడు ఇదే మొదలు."

"నువ్వు ఎవడో పూడ్చిపెట్టిన సొమ్ము వెదుకుతివి. మాది మా బిడ్డ సొమ్ము. అందుకే చూసింది," అన్నాడు బామ్మర్ది. ఎగతాళిగా మొదలుపెట్టాడు కానీ, చివరి మాట అంటూ వంగి గుంట మీది మన్ను సర్దాడు.

ఆ రోజు నేను చాలా నెలల తరువాత కడుపు నిండా తిన్నాను. సాయంత్రం ఆమెను పెట్టిన చోటికి వెళ్లి, పక్కన మట్టి ఎంత మెత్తగా ఉందో కాలితో నొక్కి చూశాను. తేవడం కుదురుతుందని ఆ ఒక్క రోజు నిజంగా నమ్మాను.

పొలంలో నాలుగు రోజులు తిరిగాము. తాడు కట్టి, సాలు సాలుగా. డోంగ్లి ఆయన యంత్రం మోసేవాడు, బామ్మర్ది తాడు జరిపేవాడు, నేను కాగితం మీద గీతలు గీసేవాణ్ని. పొలం యజమాని మజ్జిగ పంపేవాడు. తుమ్మచెట్టు ఉండి ఉండవచ్చు అనుకున్న మూల మొత్తం అయిపోయింది. యంత్రం కూయలేదు. మిగతా పొలమూ తిరిగాము. ఒకచోట పాత బోరు కేసింగు పైపు దొరికింది. ఇంకొక చోట పళ్లుపోయిన పెద్ద పళ్లచక్రం ఒకటి.

నాలుగో రోజు పొద్దుగూకే ముందు, మోటారు షెడ్డుకు దూరంగా, మేము ఎదురుచూడని వైపు యంత్రం గట్టిగా కూసింది. డోంగ్లి ఆయన నాలుగు దిక్కుల నుంచీ నడిచాడు. మా పెరట్లో కూసినట్టే కూసింది. అదే గొంతు, అంతే వెడల్పు.

"ఇదే," అన్నాడు బామ్మర్ది. "ఇదే బావ. ఒడ్డు ఇటు ఉండె. నాకిప్పుడు యాదికొస్తుంది. ఇటే ఉండె."

వాడు గడ్డపార నాకు ఇవ్వలేదు. తనే తవ్వాడు. మోకాలి లోతు దాటాక పార పక్కన పెట్టి చేతులతో తీశాడు. ప్రతి పిడికెడూ నేను చిదిపి చూశాను. నడుము లోతు వచ్చింది. గుండె లోతు కూడా వచ్చింది. మట్టి గట్టిగా ఉంది, ఎవరూ ఎప్పుడూ తవ్వని మట్టి. పైన జానెడు మాత్రం బూడిద రంగులో, ఆరినచోట తెల్లటి పొక్కులా ఉంది.

పొలం యజమాని అంచున నిలబడి చూశాడు. ఆయనకు చెప్పాలని లేదు. అయినా చెప్పాడు.

"మాస్టారూ, ఏటా ఎరువుల బస్తాలు ఇక్కడే దించుకునేవాళ్లమండీ. చిరిగి కారినవన్నీ ఇక్కడే ఇంకిపోయేవి. అందుకని ఇక్కడ గడ్డి కూడా మొలవదు. ఇవాళ పొద్దున కూడా పంపు తిప్పితే ఇటు నీళ్లు పారాయండీ."

బామ్మర్ది గుంటలోనే ఉన్నాడు. "అయితే ఏంది? బస్తాలకు మిషిన్ కూస్తదా?" అని పైకి చూసి అడిగాడు.

నాకు తెలిసింది. ఆ ప్రశ్న వాడు అడిగినప్పుడే తెలిసింది. కానీ ఇంటికి వెళ్లి చూసేదాకా నోటితో అనలేదు.

మరునాడు పెరట్లో గుంట జాగ్రత్తగా తెరిచి, కడియం తీసేశాను. అదే ఉప్పుమన్ను తిరిగి పోశాను. డోంగ్లి ఆయనను నడవమన్నాను. గుంట దగ్గర యంత్రం కూసింది. కడియం నా చొక్కా జేబులో ఉంది, నేను గోడ అవతల ఉన్నాను.

అది ఎప్పుడూ కడియాన్ని చూడలేదు. తడిసిన ఉప్పును చూసింది. ఉప్పునీటిలోంచి కరెంటు పారుతుందని, బల్బు వెలుగుతుందని ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు చూపించినవాణ్ని. ఏ ప్రయోగమైనా, పరీక్షించే ఆ ఒక్క వస్తువు లేకుండా ఇంకొకసారి చేసి చూడాలని నల్లబల్ల మీద రాసినవాణ్ని. ఉప్పు వేసి, కడియం వేయని గుంట ఒకటి పక్కన తవ్వి ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆ ఆలోచన నాకు రాలేదు. అంతా ఆనాటిలాగే చేయాలని తప్ప ఇంకేదీ నా తలలో లేదు.

ఇక పాప దగ్గర పోసిన ఉప్పు, మొదటి వానాకాలం నీళ్లకే కరిగిపోయి ఉంటుంది. తరువాత ముప్ఫై మూడేళ్లు కాలువ నీళ్లు. ఆ యంత్రం పట్టగలిగిందేదీ అక్కడ మిగలలేదు. మిగిలిందాన్ని ఆ యంత్రం పట్టలేదు. పళ్లెం యంత్రం పట్టగలదు, జానెడు లోతు వరకే.

డోంగ్లి ఆయనకు చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక డబ్బాలు కర్ర నుంచి విప్పుతూ కూర్చున్నాడు.

"ఎక్కడ్నో కూసింది, తవ్వితే ఏం దొరకలే. గట్ల ఎన్నోసార్లు అయింది సార్. దేవుడే సొమ్మును జరిపేసిండు అనుకునేటోణ్ని. ఉప్పుమన్నేనా గది?"

"అయి ఉండవచ్చు."

"గిన్నేండ్లు," అన్నాడు.

బామ్మర్ది ఒప్పుకోలేదు. పళ్లెం యంత్రం పట్టుకుని పొలమంతా జానెడు జానెడు చెక్కుకుంటూ పోదామన్నాడు. లెక్క వేసి చెప్పాను. ఒక మూలకే నెలలు పడుతుంది, మాకున్నది పది రోజులు. అయినా వెళ్లాము. నాలుగు రోజుల్లో రెండు మంచాలంత చోటు చెక్కాము. నట్లు, తీగ ముక్కలు, ఒక కొడవలి ముక్క దొరికాయి. అయిదో రోజు పొలానికి వెళ్లేసరికి అవతలి చివర టిప్పర్లు మొరం పోస్తున్నాయి. అనుకున్నదానికన్నా ముందే వచ్చారు. యజమాని వాళ్లతో ఏదో వాదిస్తున్నాడు. నేను వెళ్లి, వాదించవద్దని ఆయనకు చెప్పాను. ఇంకో వారం ఆపినా జరిగేది ఏమీ లేదు.

బామ్మర్ది భుజం మీది తువాల తీసి నేల మీద పరిచాడు.

"బావ, గింత మన్ను కట్టుకపోదాం. గీ పొలంలనే ఉన్నది గద బిడ్డ. గీ మన్నే గద."

"ఎక్కడి మన్ను?"

"ఎక్కడిదైతేంది? అక్కకు ఎట్ల తెలుస్తది?"

వాడు మోకాళ్ల మీద కూర్చుని రెండు దోసిళ్లు ఎత్తాడు. మూడోది ఎత్తబోయి ఆగాడు. "ఎరువుల జాగ దిక్కు తీయొద్దు గదా," అన్నాడు, నన్ను కాదు, తనను తానే. తరువాత తువాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. మొరం దుమ్ము మా వైపు వస్తోంది. యంత్రం పళ్లేన్ని సంచిలో పెట్టుకుని ఇద్దరం రోడ్డు దాకా నడిచాము.

ఏడాది మాసికానికి ముందు సమాధి కట్టించాలి. పోయిన వారం మేస్త్రి చెలకకు వచ్చాడు. దారం పట్టి కొలత తీస్తూ, మాటకారి మనిషి, ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు.

"సార్, గీ ఎడమదిక్కు మూరెడు జాగ ఎక్కువ ఇడిసిపెట్టిన్రు. మన్ను కూడ సాపు జేసి పెట్టిన్రు. ఇంక ఏమన్న వెడ్తరా?"

ఆ చోటు నేనే వదిలాను. పూడ్చిన రోజు నేనే నిలబడి వదిలించాను.

"లేదు," అన్నాను.

"అయితే ఒక మనిషి కొలతనే గదా?"

"ఒక మనిషి కొలతే."

అతను దారం జరిపి మేకు కొట్టాడు.